కంప్యూటరు కొయ్యబారిపోతే

నిరుడు వానాకాలం. నగరమంతా డెంగీ జ్వరాలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఒక సాయంత్రం ఆఫీసు వదిలి సైబర్ టవర్స్ కూడలి దగ్గర వానలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. చేసినవాడు మన కళాశాలలోనే నా తర్వాత ఆరేళ్ళకు చదివిన తమ్ముడు. గచ్చిబౌలి వైపు ఒక రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే ఉద్యోగం అతనిది. కేంద్రం పేరు ఇక్కడ అనవసరం.

“అన్నా, ఇగ నన్ను తీసేసేటట్టున్నరు. రక్తం మిషను కాడున్న కంప్యూటరు దినాం నిలబడిపోతున్నది. నువ్వే ఏదో కెలికినవ్ అంటున్నరు. నేను ముట్టుకోనే లేదన్నా” అన్నాడు. గొంతులో ఏడుపు దాచుకున్నాడని తెలుస్తూనే ఉంది.

సంగతి ఇది. రక్తకణాలను లెక్కపెట్టే యంత్రం తన అంకెలను ఒక తీగ మీదుగా పక్కనున్న కంప్యూటరుకు పంపిస్తుంది. కంప్యూటరు ఆ అంకెలను రోగి పేరుతో జతచేసి కాగితం మీద అచ్చువేస్తుంది. డెంగీ కాలంలో అందరూ ఎదురుచూసేది ఒక్క అంకె కోసమే: ప్లేట్‌లెట్లు ఎన్ని? నిన్నటికంటే పెరిగాయా, తగ్గాయా? ఆ అంకె కోసం కిటికీ దగ్గర తల్లులు, తండ్రులు, అన్నదమ్ములు గుంపుగా నిలబడి ఉంటారు. సరిగ్గా అప్పుడే కంప్యూటరు కొయ్యబారిపోతుంది. యంత్రం తెరమీది అంకెలను చేత్తో రాసుకుని ఇవ్వవలసి వస్తుంది. అలా రాసేటప్పుడు ఒకనాడు ఇద్దరి కాగితాలు తారుమారై, అవి గుమ్మం దాటకముందే ఒక నర్సమ్మ చూసి పట్టుకున్నదట. ఆ తర్వాతే ‘ఎవడి తప్పు?’ అన్న ప్రశ్న లేచింది. తప్పు ఎవరిదో తెలియనప్పుడు అది అందరికంటే చిన్న జీతగాడి నెత్తిన పడడం మన దగ్గర ఆనవాయితీయే కదా.

నన్ను అడగడానికి కారణం లేకపోలేదు. మాదాపూర్‌లో నేను డ్రైవర్లు రాసే పనిలో ఉన్నాను. (మా నాయన ఊళ్ళో “మావాడు హైదరాబాదులో డ్రైవర్లు రాస్తాడు” అని గొప్పగా చెబితే, “ఏ డిపోలో?” అని అడిగారట.) కంప్యూటరుకు తగిలించిన ఒక్కొక్క పరికరంతో మాట్లాడడానికి ఆపరేటింగ్ సిస్టం పెట్టుకున్న దుబాసీలాంటి చిన్న ప్రోగ్రామే డ్రైవరు. మామూలు ప్రోగ్రాము తప్పుచేస్తే అది ఒక్కటే చస్తుంది. డ్రైవరు తప్పుచేస్తే ఇల్లంతా తగలబడుతుంది, ఎందుకంటే అది సిస్టం నడిగర్భంలో కూర్చుని ఉంటుంది.

ఆ తీగ పేరు సీరియల్ కేబులు. అది వచ్చి చేరే గూడు సీరియల్ పోర్టు. మన విద్యార్థుల్లో చాలామంది దీన్ని ల్యాబులో ఏదో పాత డబ్బా వెనుక చూసి ‘ఇది మ్యూజియం సరుకు’ అనుకునే ఉంటారు. వయసు పెద్దదే. ఆర్.ఎస్.-232 అనే ప్రమాణాన్ని అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో ప్రకటించింది; బాగా వాడుకలో నిలిచిన ‘సి’ రూపం 1969లో వచ్చింది. సరిగ్గా ఆ ఏడే మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేసింది. 1967లో పుట్టిన ఆ సంస్థలోను, 1975లో ఏర్పడి, 1978లో ఐ.బి.ఎం. దేశం వదిలి వెళ్ళినప్పుడు దాని యంత్రాల మరమ్మతు బాధ్యత నెత్తికెత్తుకున్న సి.ఎం.సి.లోను పనిచేసిన మన పూర్వవిద్యార్థులకు ఇరవై అయిదు పిన్నుల ఆ వెడల్పాటి ప్లగ్గును వర్ణించి చెప్పనక్కరలేదు. తొమ్మిది పిన్నులది తరువాత, 1984లో ఐ.బి.ఎం. ఎ.టి.తో వాడుకలోకి వచ్చింది.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికే యు.ఎస్.బి. వచ్చేసింది, సీరియల్ పోర్టు పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. (హైటెక్ సిటీ అన్నది ‘హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ’ అనే కొండవీటి చేంతాడంత పేరుకు పొట్టిరూపమని అక్కడ రోజూ కార్డు గీకి లోపలికి పోయేవాళ్ళలోనే చాలామందికి తెలియదు.) ల్యాపుటాపుల మీంచి ఆ గూడు నిజంగానే మాయమైంది. కాని పోర్టు చావలేదు. క్వాల్‌కామ్, ఎ.ఎం.డి. వంటి సంస్థలకు ఈ నగరంలో చిప్పుల డిజైను కేంద్రాలున్నాయి. కొత్త చిప్పు కొలిమి నుంచి వచ్చి మొదటిసారి కరెంటు తగిలించుకున్నప్పుడు దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. ‘బతికే ఉన్నాను’ అని మొదటి మాట పలికేది సీరియల్ తీగ మీదనే. 2022 నవంబరులో అమెజాన్ ఈ నగరం పేరుతోనే క్లౌడు రీజియన్ తెరిచింది. కంటికి కనపడని ఆ మాయా కంప్యూటర్లకు కూడా కష్టకాలంలో లోపలికి తొంగిచూడడానికి ఒక ఉత్తుత్తి సీరియల్ పోర్టు ఉంటుంది. ఇక తూకం యంత్రాలు, వే బ్రిడ్జీలు, లేతు మిషన్లు, రక్తపరీక్ష యంత్రాలు సరేసరి. యంత్రం పదిహేనేళ్ళు మన్నుతుంది. దాని పక్కనుండే కంప్యూటరు అయిదేళ్ళకు మారిపోతుంది. చిక్కంతా ఆ రెండింటి అతుకు దగ్గరే పుడుతుంది.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. కొంచెం ఓపిక పట్టాలి.

అక్షరాలను ఎనిమిది తీగల మీద ఒకేసారి పంపకుండా, ఒకే తీగ మీద బిట్టు వెనుక బిట్టుగా పంపడమే సీరియల్ పద్ధతి. తీగ మీద మూడు నుంచి పదిహేను వోల్టుల ధనవిద్యుత్తు ఉంటే సున్న. అంతే ఋణవిద్యుత్తు ఉంటే ఒకటి. ముందు ఒక ఆరంభపు బిట్టు, తరువాత ఎనిమిది బిట్లు, చివర ఒక ముగింపు బిట్టు, వెరసి అక్షరానికి పది. 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలు. అంటే సుమారు ఒక మిల్లీసెకనుకు ఒకటి. 1,15,200 వేగంలో 87 మైక్రోసెకన్లకు ఒకటి. ఇలా చుక్కచుక్కగా వచ్చే బిట్లను కూడగట్టి అక్షరంగా చేసి సి.పి.యు.కు అందించే చిప్పును ‘యూఆర్ట్’ అంటారు. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో ఉన్నది 8250 అనే యూఆర్ట్. దానికి ఒక్క అక్షరాన్ని దాచుకునే చోటు మాత్రమే ఉండేది. రెండోది వచ్చేలోగా సి.పి.యు. వచ్చి తీసుకోకపోతే మొదటిది గోవిందా. తరువాతి 16550ఎ చిప్పులో పదహారు అక్షరాల వరుసగది అమర్చారు. ‘ఎ’ లేని 16550లో ఆ గదే సరిగ్గా పనిచేసేది కాదు! ఇప్పటికీ కొత్త చిప్పులు, క్లౌడులోని ఉత్తుత్తి పోర్టులు కూడా ‘మేము 16550ఎలమే’ అని చెప్పుకుని బతుకుతున్నాయి.

అక్షరం వచ్చిందని సి.పి.యు.కు తెలిసేదెలా? గంట కొట్టి. దీన్ని ఇంటరప్టు అంటారు. ప్రిన్సిపాలుగారి గది బయట బల్లమీద కూర్చునే మన అటెండరును తలచుకోండి. ఆయనకు నూరు పనులు. ఏ గదిలో గంట మోగితే ఆ గదికి పరుగెత్తి, ఏమిటో కనుక్కుని, మళ్ళీ వచ్చి తన పని చూసుకుంటాడు. గదికొక గంట ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. పాత పి.సి.లో గంటలు తక్కువ, గదులు ఎక్కువ. కామ్-1, కామ్-3 రెండింటికీ నాలుగో నంబరు గంటే. కామ్-2, కామ్-4 రెండింటికీ మూడో నంబరు గంటే. పైగా ఆ గంట నొక్కిన క్షణంలో ఒక్కసారి టింగుమని ఊరుకునే రకం. మౌసు కామ్-1 మీద, మోడెము కామ్-3 మీద ఉన్నాయనుకోండి. మోడెము మీట నొక్కిపట్టి ఉంచితే అదే తీగ మీద కొత్త మోత పుట్టదు; మౌసు ఎన్నిసార్లు నొక్కినా అటెండరు చెవిన పడదు. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్టు సేవ మొదలుపెట్టాక, ఆ రోజుల్లో మోడెము కొన్నవాళ్ళు ఎందరో దీన్ని అనుభవించారు. మోడెము డయలు చేయగానే బాణం గుర్తు ఉన్నచోటే కొయ్యబారిపోయేది. మౌసు పాడైందని కొత్త మౌసు కొనేవాళ్ళు. అదీ అంతే.

తరువాత పి.సి.ఐ. కార్డులు వచ్చాయి. వీటి గంట మీట నొక్కినంతసేపూ మోగుతూనే ఉంటుంది కాబట్టి పలు గదులు ఒకే గంటను పంచుకోవచ్చు. అటెండరు ఒక్కొక్క గది తలుపూ తట్టి ‘మీరా పిలిచింది?’ అని అడుగుతాడు. బాగానే ఉంది. కాని ఏదో ఒక గది డ్రైవరు సరిగా రాయనిదైతే? మీట నొక్కి ఉన్నది ఆ గదివాడే, అడిగితే మాత్రం ‘నేను కాదు’ అంటాడు. అటెండరు వెనక్కి తిరుగుతాడు, గంట మోగుతూనే ఉంది. మళ్ళీ వెళతాడు, మళ్ళీ ‘నేను కాదు’. సెకనుకు లక్షసార్లు ఇదే పరుగు. ఇక ఆయన వేరే పని ఏం చేయగలడు? తెర కదలదు, మౌసు కదలదు, గడియారం ఆగిపోతుంది. దీన్నే ఇంటరప్టుల తుపాను అంటాం. లినక్సు ఈ విషయంలో కొంచెం తెలివైనది: లక్ష గంటల్లో 99,900కు పైగా ఎవరూ పట్టించుకోకపోతే ‘ఎవరికీ పట్టలేదు’ అని ఒక ఫిర్యాదు రాసిపెట్టి ఆ గంట తీగనే కోసేస్తుంది. యంత్రం బతుకుతుంది, ఆ గంట మీద ఆధారపడిన పరికరాలు మాత్రం మూగపోతాయి.

ఇంకొక చిత్రమైన కొయ్యబారుడు ఉంది. అసలు చిప్పే లేనిచోట ఉన్నదనుకుని డ్రైవరు చదవబోతే ఏమవుతుంది? ఖాళీ చిరునామాను చదివితే సాధారణంగా అన్ని బిట్లూ ఒకట్లుగానే కనిపిస్తాయి. యూఆర్ట్ స్థితిని తెలిపే గడిలో మొదటి బిట్టు ఒకటిగా ఉంటే ‘అక్షరం సిద్ధంగా ఉంది, తీసుకో’ అని అర్థం. అంటే డ్రైవరు గోడతో మాట్లాడుతున్నది. గోడ ప్రతిదానికీ ఔననే చెబుతున్నది. అక్షరం తీసుకుంటుంది, ఇంకా ఉందా అంటే ఉంది, తీసుకుంటుంది, ఇంకా ఉందా అంటే ఉంది. బుద్ధి ఉన్న డ్రైవరు కొన్ని వందల చుట్లు తిరిగాక ఇదేదో మోసమని బయటపడుతుంది. బుద్ధి లేనిది అక్కడే కాపురం పెడుతుంది. ఎక్స్‌టెన్షన్ కార్డు వదులై గూటిలోంచి కొద్దిగా లేచినప్పుడు ఇదే వరస. ఈ జబ్బుకు మందు ఒక స్క్రూడ్రైవరు మాత్రమే!

సరే, మన తమ్ముడి దగ్గరికి వద్దాం. నేను వేసిన మొదటి ప్రశ్న: “నిలబడిపోవడం అంటే ఏంది? బాణం కదులుతున్నదా? మూల మీద గడియారం నడుస్తున్నదా? క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలుగుతున్నదా?”

“అవన్నీ ఎవ్వరు చూస్తలేరన్నా. నిలబడంగనే స్విచ్చి ఆపి మల్ల పెడుతున్నరు.”

మనమందరం చేసేది అదే. రోగి స్పృహ తప్పగానే నాడి చూడకుండా నీళ్ళు కొట్టి లేపినట్లు. లేస్తాడు, కాని ఎందుకు పడ్డాడో తెలియదు. క్యాప్స్ లాక్ దీపం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు, ఆపరేటింగ్ సిస్టమే. వెలిగిందంటే సిస్టం ప్రాణంతో ఉంది, ఒక ప్రోగ్రాము మాత్రమే మొండికేసింది. వెలగలేదంటే నడిగర్భంలోనే గొడవ. నీలితెర వచ్చిందంటే ఇంకా మేలు. సిస్టం చచ్చేముందు ఏ డ్రైవరు చంపిందో వాంగ్మూలం రాసిపెట్టిపోతుంది.

రెండు రూపాయల పెన్నుతో ఒక నోటుపుస్తకం అక్కడ వేలాడదీయమన్నాను. ఎన్ని గంటలకు నిలిచింది, దీపం వెలిగిందా, ఆ క్షణంలో గదిలో ఇంకేం జరుగుతున్నది, అంతే. అతను శ్రద్ధగా రాయించాడు. ఆదివారం వెళ్ళి చూస్తే నాలుగు రోజుల్లో తొమ్మిది పద్దులు. చదవగానే జబ్బు ఒకటి కాదు, రెండని తెలిసిపోయింది.

మొదటి రకం: రోజూ మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో. బాణం కదులుతుంది, దీపం వెలుగుతుంది, ల్యాబు ప్రోగ్రాము మాత్రం తెల్లబోయి ‘స్పందించడం లేదు’ అని చూపిస్తుంది. రెండు గంటలకు ఏమవుతుందని అడిగితే ల్యాబులో పనిచేసే అమ్మాయి చెప్పింది: “అప్పుడు మిషను కడుగుతాం సార్, ఆపేసి.” అసలు రహస్యం అక్కడ ఉంది. తొమ్మిది పిన్నుల ప్లగ్గులో రెండోది వినడానికి, మూడోది చెప్పడానికి, అయిదోది భూమి. ఏడు, ఎనిమిది మర్యాద కోసం: ‘పంపనా?’, ‘పంపు’. ఎనిమిదో పిన్ను మీద ‘పంపు’ అనే సంకేతం లేకపోతే కంప్యూటరు ఆగాలి. కడిగేటప్పుడు యంత్రానికి కరెంటు లేదు కాబట్టి సంకేతమూ లేదు. ల్యాబు ప్రోగ్రాము అదేం తెలియక యంత్రానికి ఏదో ప్రశ్న పంపబోయి, ‘పంపు’ కోసం నిలబడిపోయింది. ఎంతసేపు ఆగాలో గడువు పెట్టుకోలేదు. పైగా తెరను గీసే చేయీ, తీగ మీద రాసే చేయీ ఒకటే కావడంతో తెర కూడా బిగుసుకుపోయింది. పరీక్షగా మేము యంత్రాన్ని ఆపాం, ప్రోగ్రాము నిలిచింది. ఎవరినీ స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పి యంత్రాన్ని తిరిగి పెట్టాం, ప్రోగ్రాము ఏమీ ఎరగనట్లు కదిలింది. ఇన్ని నెలల్లో ఆ పది నిమిషాలు ఓపిక పట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.

రెండో రకానికి వేళాపాళా లేదు. అది నిలిచినప్పుడు ప్రోగ్రామును టాస్క్ మేనేజరుతో చంపబోయినా చావదు. కంప్యూటరును సక్రమంగా మూయబోతే ‘మూస్తున్నాను’ అంటూ గంటలకొద్దీ అలాగే ఉంటుంది. పద్దుల్లో ‘ఇంకేం జరుగుతున్నది’ అన్నచోట అయిదింటిలో నాలుగుసార్లు ఒకే మాట: సెంట్రిఫ్యూజు వేశాం. రక్తాన్ని గిరగిర తిప్పి వేరుచేసే ఆ యంత్రానికి మంచి మోటారు ఉంది. అదే ప్లగ్గుబోర్డు మీద నడుస్తున్నది. ఇంకొకటి తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది: “నిలబడే ముంగట టుంగుమని ఒక సప్పుడు వస్తదన్నా. పెన్ డ్రైవు పీకినప్పుడు వచ్చే సప్పుడు.”

నాకు ఆ చప్పుడు చాలు. పాత కంప్యూటరుకు సొంత సీరియల్ పోర్టు ఉండేది. కొత్తదానికి లేక, యు.ఎస్.బి. నుంచి సీరియల్‌కు మార్చే బొటనవేలంత ఎడాప్టరు తగిలించారు. మోటారు మొదలైనప్పటి కరెంటు కుదుపుకు ఎడాప్టరు ఒక్క క్షణం సొమ్మసిల్లి లేస్తున్నది. విండోసు దృష్టిలో దాన్ని పీకి మళ్ళీ పెట్టినట్లే. కాని ల్యాబు ప్రోగ్రాము అప్పటికే ‘యంత్రం నుంచి అక్షరాలు వస్తే ఇవ్వు’ అని డ్రైవరుకు ఒక అర్జీ పెట్టుకుని ఉంది. పరికరం పోయినప్పుడు డ్రైవరు ఆ అర్జీని ‘కాదు’ అని రాసి అయినా వెనక్కి ఇవ్వాలి. ఈ పాత డ్రైవరు ఇవ్వలేదు. ఫైలు బల్లమీద ఉండగానే ఆఫీసరు బదిలీ అయిపోయాడు. సంతకమూ లేదు, తిరస్కారమూ లేదు. అర్జీ తేలేదాకా ప్రోగ్రామును చావనివ్వకూడదన్నది సిస్టం నియమం. ప్రోగ్రాము చావదు కాబట్టి పోర్టు విడుదల కాదు, మూత పూర్తికాదు. పవరు స్విచ్చి తప్ప దిక్కులేదు.

ఎడాప్టరుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటరుకో, కోఠీ గుజరాతీ గల్లీకో వెళ్ళి అడిగితే పది రకాలు చూపిస్తారు. పైకి అన్నీ ఒకటే. లోపలి చిప్పు ఎఫ్.టి.డి.ఐ.దా, ప్రొలిఫిక్‌దా, సి.హెచ్.340యా, లేక వాటికి నకలా అన్నది అమ్మేవాళ్ళకూ తెలియదు. నకళ్ళ బెడద ఒక్క మన బజారుదే కాదు, లోకమంతటిదీ. 2014 అక్టోబరులో ఎఫ్.టి.డి.ఐ. సంస్థ విండోసు అప్‌డేటు ద్వారా వచ్చిన కొత్త డ్రైవరులో ఒక కిటుకు పెట్టింది: నకిలీ చిప్పు కనబడితే దాని గుర్తింపు నంబరును సున్నగా తిరగరాయడం. ప్రపంచమంతటా పరికరాలు రాత్రికి రాత్రి మూగపోయాయి. గగ్గోలు పుట్టి ఆ డ్రైవరును వెనక్కి తీసుకున్నారు. దొంగసరుకు మీద కోపం న్యాయమైనదే కావచ్చు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, తెలియక కొన్నవాడి యంత్రాన్ని పడగొట్టడం నాకు నచ్చలేదు. అటువంటి యంత్రం ఒక ఆసుపత్రిలో ఉంటే? ప్రొలిఫిక్ దారి వేరు. కొత్త డ్రైవరు పాత చిప్పును, నకిలీ చిప్పును నడపనని మొరాయిస్తుంది. డివైస్ మేనేజరులో పసుపు గుర్తు, 10వ నంబరు కోడు కనిపిస్తాయి. అప్పుడు జనం ఏం చేస్తారు? ఎక్కడిదో పాత డ్రైవరు తెచ్చి వేస్తారు. పని నడుస్తుంది. దాంతోపాటు పాత డ్రైవరులోని పాత తప్పులూ వస్తాయి. మన కేంద్రంలో జరిగింది అచ్చంగా ఇదే. ఆ పాత డ్రైవరు వేసినది తమ్ముడు కాదు, అతను చేరకముందు కంప్యూటరు అమర్చి వెళ్ళినవాళ్ళు. ఫైలు తేదీ ఆ మాట చెప్పింది. దాన్ని అచ్చువేయించి మేనేజరుగారి బల్లమీద పెట్టించాను.

మేము చేసిన చికిత్సలో గొప్పేమీ లేదు. మోటారును వేరే సాకెట్టుకు మార్చాం. రక్తయంత్రానికీ కంప్యూటరుకూ ఒకే ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాం; లేదు, సరిచేయించాం. అయిదోపిన్ను భూమి అన్నాను కదా, రెండు చివర్ల భూములు వేరైతే తేడా విద్యుత్తు అంతా ఆ సన్నతీగ మీదే పారుతుంది. విద్యుత్తు తగలకుండా కాంతి ద్వారా సంకేతాలను దాటించే ఎడాప్టరు ఒకటి అసలు సరుకు కొనిపించి, తయారీదారు ఇచ్చిన డ్రైవరే వేశాం. యు.ఎస్.బి. పోర్టులను నిద్రపుచ్చి కరెంటు ఆదాచేసే విండోసు ఏర్పాటును ఆపేశాం. కొన్ని ఎడాప్టర్లు నిద్రపోతే మళ్ళీ లేవవు. ప్రోగ్రాము రాసినవాళ్ళకు గడువు సంగతి తెలియజేశాం. వాళ్ళు సరిచేసి పంపేదాకా, కడిగేముందు ప్రోగ్రామును మూసేయమని గోడమీద కాగితం అంటించాం.

కేబులు మంచిదో చెడ్డదో తేల్చే పరీక్ష ఒకటి చూపించాను. కేబులును యంత్రం వైపు ఊడదీసి, అక్కడ రెండో పిన్నునూ మూడో పిన్నునూ జెమ్ క్లిప్పుతో కలపండి. పుట్టీ వంటి టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి, ఫ్లో కంట్రోలు తీసేసి ఏదైనా టైపు చేయండి. మీరు చెప్పినది మీకే తిరిగివస్తే కంప్యూటరు, డ్రైవరు, ఎడాప్టరు, తీగ నాలుగూ క్షేమం. తప్పు అవతలి వైపు. క్లిప్పు తీయగానే అక్షరాలు ఆగిపోవాలి సుమా. ఆగకపోతే మీరు చూస్తున్నది టెర్మినల్ తనంతట తాను చూపించుకునే ప్రతిబింబం.

సర్వర్ల ఉద్యోగాలకు పోయేవాళ్ళ కోసం ఇంకొక సంగతి చెప్పి ఊరుకుంటాను. లినక్సు సర్వరు తన లోపలి కబుర్లను సీరియల్ పోర్టు మీదికి పంపేటట్లు అమర్చడం వాడుక. ఆ కబుర్లు రాసేటప్పుడు చాలాకాలంగా సి.పి.యు. అక్షరం అక్షరానికీ అక్కడే నిలబడి ఉండేది. 9600 వేగంలో ఎనభై అక్షరాల పంక్తులు సెకనుకు పన్నెండే పోతాయి. ఏదో డిస్కు చెడి ఒక్కసారి వెయ్యి పంక్తుల ఫిర్యాదు వచ్చిందనుకోండి, ఎనభై సెకన్లకు పైగా పడుతుంది. సి.పి.యు. ఇరవై సెకన్లు ఉలకకపోతే ‘బిగుసుకుపోయింది’ అని కావలివాడు అరుస్తాడు. ఆ అరుపు కూడా అదే తీగ మీద పోవాలి! గోరుచుట్టు మీద రోకటిపోటు. వేగాన్ని 1,15,200కు పెంచితే అదే పని ఏడు సెకన్లలో అయిపోతుంది. హ్యాండ్‌షేకు పెట్టి అవతల తీగ ఏమీ తగిలించకపోతే మరీ అన్యాయం: ఒక్కొక్క అక్షరానికి సెకను వరకు ఎదురుచూస్తుంది. బూటు కావడం లేదని డిస్కులు మార్చినవాళ్ళను నేనెరుగుదును. అన్ని పనులనూ నిర్ణీత కాలంలో చేయగల లినక్సును తయారుచేయాలని ఇరవై ఏళ్ళు పాటుపడినవాళ్ళకు ఆఖరున అడ్డుపడినది ఈ కబుర్లు రాసే వ్యవహారమే. దాన్ని మరమ్మతు చేశాకే 2024లో ఆ పని అసలు లినక్సులో కలిసింది.

నాకు అన్నింటిలోకి ముచ్చటైనది మాత్రం యు.పి.ఎస్. కథ. విండోసు ఎన్.టి. రోజుల్లో కంప్యూటరు లేచేటప్పుడు ప్రతి సీరియల్ పోర్టు దగ్గరా ‘ఇక్కడ మౌసు ఉందా?’ అని ఒక సంకేతం పంపేది. పోర్టుకు యు.పి.ఎస్. తగిలించి ఉంటే, వాటిలో కొన్ని ఆ సంకేతాన్ని ‘ఇక ఆగిపో’ అన్న ఆజ్ఞగా అర్థం చేసుకుని కరెంటు తీసేసేవి! కరెంటు పోతే కాపాడడానికి పెట్టినది, కరెంటు ఉండగా ముంచేది. ఇందుకోసం బూటు ఫైలులో ‘సీరియల్ మౌసు వెతకవద్దు’ అని ఒక ప్రత్యేకమైన మాట రాయవలసి వచ్చేది. దీనికి తోబుట్టువులాంటి జబ్బు తర్వాతి విండోసుల్లోనూ ఉంది: లేచే సమయంలో అవతలి యంత్రం ఎడతెగకుండా అంకెలు పంపుతూ ఉంటే, దాన్ని మౌసు అనుకుంటుంది. తూకం యంత్రం మీద బస్తా వేసినప్పుడల్లా తెరమీద బాణం పిచ్చిగా గెంతుతుంది. డివైస్ మేనేజరులో ఆ లేని మౌసును నిలిపివేస్తే సరి.

తమ్ముడి ఉద్యోగం నిలిచింది. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. మేనేజరుగారు టీ మాత్రం ఇప్పించారట. దసరాకు ముందు అటుగా వెళ్ళినప్పుడు చూశాను, ఆ నోటుపుస్తకం ఇంకా ట్యూబులైటు కింద మేకుకు వేలాడుతూనే ఉంది. సెంట్రిఫ్యూజు పక్కగోడ సాకెట్టు మీద గిరగిర తిరుగుతున్నది. కిటికీ అవతల జనం పలచబడ్డారు. చివరి పద్దు మూడు వారాల కిందటిది, ఆ అమ్మాయి చేతిరాత: “11.40. దీపం వెలిగింది. ప్రింటర్‌లో పేపరు అయిపోయింది.”